ఒక రేవు, పది ఓడలు

కోనసీమలో, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట ఓడలరేవు అనే ఊరున్నది. ఇది అమలాపురానికి దక్షిణంగా, అల్లవరం మండలంలో ఉన్నది. ఏటికి అవతలి ఒడ్డున కరవాక. పేరులో ఓడలున్నవిగాని, అక్కడికి వెళ్ళి చూసేవాళ్ళకు ఎక్కువగా కనిపించేవి చేపలపడవలే. కొన్నిటికి తెడ్లు, కొన్నిటికి ఇంజన్లు. ఒకటి చెక్కపడవ అయితే ఇంకొకటి ఫైబరు పడవ. అయినా అన్నీ ఒకే రేవుకు చేరుతాయి. "నిన్ను ఏ వడ్రంగి చేశాడు?" అని రేవు ఏ పడవనూ అడగదు.

ఈ ఊళ్ళోనే, సముద్రగర్భంనుంచి గొట్టాలలో సహజవాయువు వచ్చి చేరే ఓ.ఎన్.జి.సి. వారి స్థావరం ఉన్నది. 1997లో స్థాపించిన ఇంజనీరింగు కళాశాల కూడా ఉన్నది. ఇటువంటివి వచ్చాక కంప్యూటర్లు రాకుండా ఉంటాయా? కంప్యూటర్లు వస్తే కాయితాలు పెరగకుండా ఉంటాయా? కంప్యూటర్లు వచ్చాక కాయితంతో పనే ఉండదని కొందరు పెద్దలు చెప్పారుగాని, ఆ మాట నమ్మి ఎవరూ ప్రింటరును పారెయ్యలేదు.

అటువంటి ఊళ్ళో ఒక చిన్న ఆఫీసును ఊహించుకుందాం. అందులో ముగ్గురు గుమాస్తాలు. ఒకరి బల్లమీద విండోస్‌తో పనిచేసే కంప్యూటరు ఉన్నది. రెండోవారిది లినక్సుతో పనిచేస్తుంది. మూడోవారు ఇంటినుంచి ఆపిల్ కంప్యూటరు తెచ్చుకున్నారు. గదిమూల ఒకే ఒక ప్రింటరు ఉన్నది. ఒక తాత తన మనమణ్ణి వెంటబెట్టుకుని, పడవ తాలూకు కాయితంకోసం వచ్చి గుమ్మం దగ్గిర నిలబడ్డాడు.

"బాబుగారూ, మా కాయితం అయిందాండీ?"

"అయింది తాతా, నా కంప్యూటర్లోనే ఉంది. కాని ఆ ప్రింటరు దీని మాట వినదు. పక్కాయన సెలవులో ఉన్నారు. ఆయన వచ్చాక ఆయన దాంట్లోంచి తీయించి పెడతాను. రేపు రా."

"ఆయ్, అలాగేనండి," అని తాత వెనక్కు తిరిగాడు. మనమడు మాత్రం కదలలేదు.

"కాయితం ఇక్కడే ఉంది, యంత్రం ఇక్కడే ఉంది. మధ్య ఏం అడ్డమొచ్చింది తాతా?" అన్నాడు వాడు.

పడవ కాయితం ఒకరోజు ఆలస్యమైతే, ఒకరోజు వేట పోవచ్చు. అందుచేత వాడి ప్రశ్న చిన్నదేమీ కాదు.

ఒకే ప్రింటరును నలుగురు వాడుకోవాలంటే రెండు చిక్కులు తీరాలి. మొదటిది వరస, రెండవది భాష.

వరస సంగతి సులువుగానే తేలిపోతుంది. ముగ్గురూ ఒకేసారి ప్రింటరుకు పని పంపారనుకోండి. ఎవరి మాట చెవినబడితే ఆ మాట అచ్చువేస్తూ పోతే, పైన తాత అర్జీ, మధ్యన బియ్యం లెక్క, అడుగున ఎవరిదో సెలవుచీటీ, అన్నీ ఒకే కాయితంమీద పడతాయి. అందుకని ప్రింటరు ముందు కాపలాదారులాగా ఒక ప్రోగ్రాము ఉంటుంది. వచ్చిన ప్రతి పనినీ అది పూర్తిగా పుచ్చుకుని, దాచి, దానికొక నంబరు ఇస్తుంది. తరవాత నంబర్ల వరసన ఒక్కొక్కదాన్నే ప్రింటరుకు అందిస్తుంది. దీనిని 'స్పూలింగ్' అంటారు. స్పూల్ అంటే కండె. అమలాపురం దగ్గిర బండారులంకలో మగ్గాలు చూసినవాళ్ళకు ఈ మాట వెంటనే బోధపడుతుంది. నూలును ముందుగానే కండెలకు చుట్టి పెట్టుకుంటారు గనక నేసేటప్పుడు నాడె ఆగకుండా ఆడుతుంది. అదేవిధంగా, గుమాస్తా తన పని అప్పజెప్పేసి వేరే పని చూసుకోవచ్చు. ప్రింటరు తన వేగాన తాను నడుస్తుంది.

భాష సంగతి అంత సులువు కాదు. కాయితంమీద కనిపించే అచ్చు నిజానికి చుక్కల గుంపు. ఏ4 కాయితంమీద అంగుళానికి 300 చుక్కలచొప్పున లెక్కవేస్తే, సుమారు 87 లక్షల చుక్కలకు చోటుంటుంది. ఒక్కొక్క చుక్క గురించీ "ఇది నలుపు, ఇది తెలుపు" అని చెప్పుకుంటూ పోతే, ఒక పేజీకే పది లక్షల బైట్లకు పైగా పంపాలి. కంప్యూటర్లకూ తీగలకూ వేగం తక్కువగా ఉన్న రోజులలో ఇది చాలా పెద్ద బరువు.

ఈ చిక్కును మన ఆడవాళ్ళు ఏనాడో విప్పారు. ధనుర్మాసంలో పక్కింటి పిన్నిగారి వాకిట్లో మంచి ముగ్గు చూసి, మీ అక్క "అదెట్లా వేశారు పిన్నీ?" అని అడిగిందనుకోండి. ఆవిడ ముగ్గును ఎత్తుకొచ్చి ఇవ్వదుగదా! "15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చేదాకా," అంటుంది. అంతే! ఆ ఒక్క ముక్కతో మీ వాకిట్లో 169 చుక్కలు పడతాయి. (కావాలంటే లెక్క చూడండి: నడిమి వరసలో 15, దానికి అటూ ఇటూ 14 మొదలుకుని 8 దాకా.) వాకిలి పెద్దదయితే ముగ్గు పెద్దదవుతుంది, చిన్నదయితే చిన్నదవుతుంది. చెప్పిన మాట మాత్రం మారదు.

కంప్యూటరు కూడా ప్రింటరుకు ఇట్లాగే చెబుతుంది: "ఇంత పొడుగున గీత గీయి, ఫలానా అక్షరం ఫలానా చోట ఇంత సైజులో వెయ్యి." చిక్కేమిటంటే, ప్రింటర్లు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కొక్క ముగ్గుభాష పెట్టుకున్నాయి. ఒక దానికి చెప్పిన మాట ఇంకొక దానికి అర్థం కాదు. అందుచేత మధ్య ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరే 'డ్రైవరు'. విండోస్‌కోసం రాసిన దుబాసీ లినక్సులో పనిచెయ్యదు, లినక్సుది ఆపిల్‌లో పనిచెయ్యదు. మూడురకాల కంప్యూటర్లూ పదిరకాల ప్రింటర్లూ ఉంటే 30 మంది దుబాసీలు కావాలి. అందరూ ఒక ఉమ్మడిభాష నేర్చుకుంటేనో? నేర్చుకోవలసినవాళ్ళు 13 మందే! తాత కాయితానికి అడ్డమొచ్చింది ఈ దుబాసీ లేకపోవటమే.

ఇదంతా ఈనాటి బాధ కాదు. నిజం చెప్పాలంటే, ఆఫీసులలో కంప్యూటర్లను తీగతో కలిపే పద్ధతి పుట్టటంలో ప్రింటరు పాత్ర చాలా ఉన్నది.

1971లో, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన పాలో ఆల్టో అనే ఊళ్ళో, జిరాక్సు కంపెనీవారి పరిశోధనాలయంలో గేరీ స్టార్క్‌వెదర్ అనే ఇంజనీరు లేజరు కిరణంతో అచ్చువేసే యంత్రాన్ని తయారుచేశాడు. తరవాత ఆ పరిశోధనాలయంలో దాన్ని వాడుకలోకి తెచ్చేటప్పటికి, అది సెకనుకు ఒక పేజీచొప్పున, అంగుళానికి 500 చుక్కలతో అచ్చువేసేది. 1973లో అక్కడే 'ఆల్టో' అనే కంప్యూటరు తయారయింది. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కంప్యూటరు ఇవ్వాలని వాళ్ళ ఆలోచన. అప్పటికి అది చాలా వింత ఆలోచన. కంప్యూటర్లు అనేకం ఉంటాయి, కాని అంత ఖరీదైన ప్రింటరును మనిషికొకటి కొనలేరుగదా! అన్ని కంప్యూటర్లూ ఆ ఒక్క ప్రింటరును చేరేదెట్లా?

ఈ పని రాబర్ట్ మెట్‌కాఫ్ అనే యువకుడికి అప్పజెప్పారు. అతను 1973 మే 22న తన ఉపాయాన్ని ఒక కాయితంమీద రాసి తోటివారికి పంచాడు. డేవిడ్ బాగ్స్ అనే స్నేహితుడితో కలిసి దాన్ని నిర్మించాడు. దానిపేరు 'ఈథర్‌నెట్'. ఈనాటికీ ఆఫీసులలో కంప్యూటర్లకు గుచ్చే తీగల వెనక ఉన్నది ఆ పేరే.

ఉపాయం ఇది. ఒక పొడుగాటి తీగ. కంప్యూటర్లన్నీ దానికే తగిలి ఉంటాయి. మాట్లాడదలచినది ముందు చెవొగ్గి వింటుంది. ఎవరూ మాట్లాడటం లేదనుకుంటే మాట్లాడుతుంది. అదే క్షణాన ఇంకొకటి కూడా మొదలుపెడితే, రెండూ టక్కున ఆగిపోయి, తలా కొంతసేపు తోచినంత ఆగి, మళ్ళీ ప్రయత్నిస్తాయి. పెళ్ళిపందిట్లో ఇద్దరు ఒకేసారి నోరు తెరిచి, "మీరు చెప్పండి," "కాదు, మీరే చెప్పండి," అనుకున్నట్టు! మెట్‌కాఫ్‌కు ఈ ఆలోచన తట్టటానికి హవాయి దీవులు కారణమయాయి. సముద్రం మధ్య విడివిడిగా ఉన్న ఆ దీవులలోని కంప్యూటర్లను రేడియోద్వారా కలపటానికి నార్మన్ అబ్రమ్‌సన్ అనే ఆచార్యుడు 1971లో ఇటువంటి ఏర్పాటే చేశాడు. లంకల మధ్య బతికే కోనసీమవాళ్ళకు ఆ దీవుల అవస్థ తేలికగా అర్థమవుతుంది.

ఆ తీగమీద సెకనుకు సుమారు 29 లక్షల బిట్లు ప్రయాణం చేసేవి. ప్రింటరు పేజీలో అయితే రెండు కోట్ల ముప్ఫై లక్షలకు పైగా చుక్కలు. చుక్కలే పంపితే తీగ చాలదు. అందుకని తీగమీద "ఫలానా అక్షరం ఫలానా చోట" అనే మాటలే పంపి, చుక్కలు పెట్టే పని ప్రింటరు పక్కన కట్టిన యంత్రానికి వదిలేశారు. ఇదీ పిన్నిగారి ముగ్గు పద్ధతే!

ఆ పరిశోధనాలయంనుంచి బయటికి వచ్చిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనే ఇద్దరు 1982లో అడోబీ కంపెనీ పెట్టి, 1984లో 'పోస్ట్‌స్క్రిప్టు' అనే ముగ్గుభాషను తయారుచేశారు. ఏ కంపెనీ ప్రింటరయినా ఈ భాష నేర్చుకోవచ్చు. 1985లో ఆపిల్ కంపెనీ తెచ్చిన లేజర్‌రైటరు ఈ భాష మాట్లాడేది. దాని ఖరీదు 6,995 డాలర్లు. ఆ కంపెనీ వారి మాకింటోష్ కంప్యూటరును అంతకు ముందు ఏడు 2,495 డాలర్లకు అమ్మారు. అంటే ప్రింటరు ఒక్కటీ దాదాపు మూడు కంప్యూటర్ల పెట్టు! దానిలో ఉన్న మెదడు కూడా కంప్యూటరులోని మెదడుకంటె చురుకైనదే. ఇంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని ఒక్కరే వాడుకుంటే ఎట్లా? అందుచేత దాన్ని పలువురు తీగతో కలుపుకుని వాడుకునే ఏర్పాటుతోనే అమ్మారు.

అయితే భాష పోస్ట్‌స్క్రిప్టు ఒక్కటే కాలేదు. హ్యూలెట్ పాకార్డ్ కంపెనీవారికి పి.సి.ఎల్. అనే భాష ఉన్నది. మిగిలినవాళ్ళవి మిగిలినవాళ్ళకు ఉన్నాయి. పైగా చాలా కంపెనీలు తమ భాష గుట్టు బయటపెట్టలేదు. గుట్టు దాచటంవల్ల ఏమయిందో వినండి.

అమెరికాలో ఎం.ఐ.టి. అనే గొప్ప విద్యాలయం ఉన్నది. అక్కడి ఒక ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు పనిచేసేవాడు. ప్రింటరు ఒక అంతస్తులో ఉంటే మనుషులు వేరే అంతస్తులలో ఉండేవారు. పని పంపి, గంట ఆగి, మెట్లెక్కి వెళ్ళి చూస్తే కాయితం ఎక్కడో ఇరుక్కుని యంత్రం ఆగిపోయి ఉండేది. స్టాల్‌మన్ ఆ పాత ప్రింటరు ప్రోగ్రాములో కొద్ది మార్పు చేశాడు. కాయితం ఇరుక్కున్న మరుక్షణం, వరసలో ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ కబురు వెళ్ళేది. ఎవరో ఒకరు లేచి వెళ్ళి బాగుచేసేవారు.

1980 ప్రాంతంలో ఆ ప్రయోగశాలకు కొత్త లేజరు ప్రింటరు వచ్చింది. అది మంచిదే, కాని అదీ ఇరుక్కునేది. పాత మార్పునే దీనిలోకూడా చేద్దామంటే, ప్రోగ్రాము అసలుప్రతి ఇవ్వలేదు. అది ఇంకొక విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడి దగ్గిర ఉన్నదని తెలిసి స్టాల్‌మన్ వెళ్ళి అడిగాడు. "ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చాను," అన్నాడాయన. స్టాల్‌మన్ మారుమాట్లాడకుండా తిరిగివచ్చాడు. కాని ఆ కోపం అతన్ని వదలలేదు. ప్రోగ్రాములను అందరూ చదివి, దిద్ది, పంచుకునేట్టుగా ఉండాలని, 1983 సెప్టెంబరు 27న అతను 'గ్నూ' అనే పెద్ద పనికి పూనుకుంటున్నట్టు ప్రకటించాడు. ఈనాటి లినక్సు కంప్యూటర్లలో ఆ పని ఫలం ఎంతో ఉన్నది. ఒక కాయితంముక్క ఇరుక్కోవటం ఇంతదాకా వచ్చింది.

గుట్టు విప్పిన ఇంకొకరి కథ ఇంతకంటె సరదాగా ఉంటుంది. ఓడలరేవులాటి చోట ఒడ్డున చేపల వేలంపాట జరుగుతుంటే, పాటగాళ్ళ సైగలు తెలియని కొత్తమనిషి నిలబడ్డాడనుకోండి. అతను ఎవరినీ అడగడు. ఊరికే చూస్తాడు. ఫలానా వేలు ఎత్తితే ఫలానా ధర పెరిగింది, ఫలానావిధంగా తల ఊపితే గంప ఇతని ముందుకు వచ్చింది. రెండురోజులు చూస్తే మూడోరోజు తానే పాట పాడగలడు.

ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూన్న ఆండ్రూ ట్రిజెల్ అనే విద్యార్థి 1991 చివర సరిగా ఈ పనే చేశాడు. అతని బల్లమీద ఉన్న చిన్న కంప్యూటరు ఒకరకం, గదిలోని పెద్ద యూనిక్సు కంప్యూటరు ఇంకొకరకం. రెండూ మాట్లాడుకోవు. చిన్న కంప్యూటరు తన జాతి కంప్యూటర్లతో తీగమీద ఏమి మాట్లాడుతున్నదో అతను ఒక ప్రోగ్రాముతో చాటుగా విన్నాడు. ఏ మాటకు ఏ జవాబు వస్తున్నదో రాసుకున్నాడు. తరవాత యూనిక్సు కంప్యూటరుకు ఆ జవాబులు నేర్పాడు. చిన్న కంప్యూటరు మోసపోయి, "నావాడే," అనుకున్నది. ఆ భాష పేరులో ఎస్, ఎమ్, బి అనే మూడక్షరాలుండేవి. 1994లో తన ప్రోగ్రాముకు కొత్త పేరు కావలసివచ్చి, ఆ మూడక్షరాలూ వరసగా వచ్చే మాటలకోసం నిఘంటువు వెతికిస్తే, 'సాంబా' అనే మాట దొరికింది. అది బ్రెజిల్ దేశపు నాట్యం పేరు. అప్పటినుంచి విండోస్ కంప్యూటర్లు లినక్సు కంప్యూటరుకు తగిలించిన ప్రింటరు మీదా, లినక్సు కంప్యూటర్లు విండోస్‌కు తగిలించిన ప్రింటరు మీదా అచ్చు వేసుకోవటానికి ఈ సాంబాయే సాయపడుతూ వచ్చింది.

చాటుగా వినటం ఎల్లకాలమూ సాగదు. భాష మారినప్పుడల్లా మళ్ళీ వినాలి. ఈ వ్యవహారం చివరకు ఐరోపా న్యాయస్థానానికి ఎక్కింది. మైక్రోసాఫ్టు తన కంప్యూటర్ల మాట మిగిలినవాళ్ళకు చెప్పాలని ఐరోపా కమిషను 2004లో తీర్పిచ్చింది. ఫైళ్ళు పంచుకోవటమూ, ప్రింటరు పంచుకోవటమూ ఆ తగాదాలో పేరుపెట్టి చెప్పిన విషయాలే. 2007లో న్యాయస్థానం ఆ తీర్పును నిలబెట్టింది. ఆ డిసెంబరులో సాంబా రాసేవారికోసం 10,000 యూరోలు కట్టి ఆ భాష వివరాల కాయితాలు తెచ్చుకున్నారు. తరవాత కాలం మారింది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్టుకు అధిపతి అయాడు. ఆ సంవత్సరమే, తమ కంపెనీకి లినక్సు అంటే ప్రేమ అని బహిరంగంగా చెప్పాడు. పోస్ట్‌స్క్రిప్టును పుట్టించిన అడోబీకి 2007లో అధిపతి అయిన శంతను నారాయణ్‌కూడా హైదరాబాదులో పుట్టినవాడే.

ఇప్పుడు మన గుమాస్తాల దగ్గిరికి వద్దాం. 1999లో మైకేల్ స్వీట్ అనే అమెరికన్ 'కప్స్' అనే ప్రింటరు కాపలాదారు ప్రోగ్రామును బయటికి తెచ్చాడు. లినక్సువాళ్ళు దాన్ని పుచ్చుకున్నారు. 2002లో ఆపిల్‌వారు తమ కంప్యూటర్లలోనూ పెట్టారు. అంటే ఆ ఆఫీసులో ఉన్న మూడు కంప్యూటర్లలో రెండిటికి ఒకే కాపలాదారు! దీనితో ఇంకొక మేలుకూడా జరిగింది. అదే 1999లో, వేరువేరు కంపెనీలవారు కూర్చుని 'ఐ.పి.పి.' అనే ఉమ్మడిభాష నియమాలను రాసి, ఎవరైనా చదువుకునేట్టు ప్రకటించారు. విండోస్‌కు కూడా ఆ భాష వచ్చును. ఈనాటి కొత్త ప్రింటర్లలో చాలావాటికి అది పుట్టుకతోనే వస్తుంది. జేబులోని ఫోను తీగ లేకుండా ప్రింటరుకు పని పంపటం ఈ భాషతోనే.

ఒక్క సంగతి మిగిలింది. తాత కాయితం తెలుగులో ఉంటుంది. పాపం ప్రింటరుకు తెలుగు వచ్చునా? రానక్కరలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి పట్టికలోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. 'స్త్రీ' అని రాస్తే కంప్యూటరులో ఆరు గుర్తులు పడతాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ఆరింటినీ కలిపి ఒక్క అక్షరంగా, ఒత్తులు ఎక్కడ వేలాడాలో అక్కడ వేలాడేట్టు దిద్దేది కంప్యూటరులోని ఫాంటు. 2001లో విండోస్‌తో వచ్చిన తెలుగు ఫాంటు పేరు 'గౌతమి'. మన గోదావరి పాయ పేరే! ఆ ఫాంటు లేని కంప్యూటరుకు ఫైలు మాత్రం పంపితే, అక్షరాల రూపు మారవచ్చు. ఇంకే తెలుగు ఫాంటూ లేకపోతే అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళే రావచ్చు. యూనికోడ్ కాని పాత ఫాంటులతో రాసినవయితే మరీ అన్యాయం: తెలుగు ఉండవలసినచోట ఇంగ్లీషు అక్షరాల చెత్త పడుతుంది. అందుకని కాయితాన్ని ముందు పి.డి.ఎఫ్.గా మార్చి పంపటం మంచిది. 1993లో అడోబీవారు తెచ్చిన ఈ పద్ధతిలో ఫాంటుకూడా కాయితంతోపాటే మూటలో ప్రయాణం చెయ్యగలదు.

కనక ఆ గుమాస్తా చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. ప్రింటరు ఐ.పి.పి. వచ్చినదయితే, దాన్ని ఏ ఒక్క కంప్యూటరుకూ తగిలించకుండా, ఆఫీసు వైఫైకి కలిపితే చాలు. మూడు కంప్యూటర్లూ దాన్ని వెతికి పట్టుకుంటాయి. ప్రింటరు మరీ పాతదయితే, దాన్ని లినక్సు కంప్యూటరుకు తగిలించి, కప్స్‌లో పంచుకునే మీట నొక్కాలి. అప్పుడు దుబాసీ ఆ ఒక్కచోట ఉంటే సరిపోతుంది. మిగిలినవి ఉమ్మడిభాషలో దానితో మాట్లాడతాయి. దీనికి పట్టేది ఒక పూట. తాత కాయితం సాయంత్రానికి చేతిలో పడుతుంది.

అన్నట్టు, కాయితం ఇరుక్కోవటం మాత్రం ఇంకా పోలేదు. ఐ.పి.పి. నియమాలు రాసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. కాయితం ఇరుక్కున్నదని కంప్యూటర్లకు తెలియజేసే మాట ఒకటి అందులోనే చేర్చారు. ఎం.ఐ.టి.లో స్టాల్‌మన్ అడిగి లేదనిపించుకున్నది దీన్నే! అందుచేత, తాత కాయితం సగం బయటికి వచ్చి ఆగిపోయినా ఫరవాలేదు. ఆ కబురు గుమాస్తా తెరమీదికి వస్తుంది. ఆయన లేచి, మూత ఎత్తి, నలిగిన కాయితాన్ని మెల్లిగా లాగేసి, మూత వేస్తాడు. గుమ్మం దగ్గిరనుంచి మనమడు తొంగిచూస్తూంటాడు.